ఫోన్‌లో ఆఫ్‌లైన్, తీగలో కరెంటు: స్మార్ట్ వస్తువులకు వైఫై తెగినప్పుడు చేయవలసినవి, చేయకూడనివి

జనగామలో ఇల్లు, హైదరాబాద్‌లో కొలువు. మహబూబాబాద్ పక్కన మిర్చి చేను, అమెరికాలో కొడుకు. భూపాలపల్లిలో సింగరేణి క్వార్టరు, ఇంటాయనకు నైట్ షిఫ్టు. ఈ మూడు జిల్లాల్లో వైఫై కెమెరా, స్మార్ట్ ప్లగ్గు, ఫోన్‌తో నడిచే గీజరు స్విచ్చు ఇళ్లల్లోకి రావడానికి దూరమే పెద్ద కారణం. మనిషి ఒకచోట, ఇల్లు ఒకచోట ఉన్నప్పుడు ఫోన్ తీస్తే వాకిలి కనబడటం పెద్ద ధైర్యం. అయితే ఆ ధైర్యం వైఫై ఉన్నంతసేపే.

కరెంటు పోయి వచ్చినా, కోతులు కేబుల్ పట్టుకుని ఊగినా, ఎవరైనా రౌటరు పాస్‌వర్డ్ మార్చినా యాప్‌లో ఆ వస్తువు పక్కన ‘ఆఫ్‌లైన్’ అని పడుతుంది. అది చూసి వస్తువు ఆగిపోయిందనుకుంటారు చాలామంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. తెగింది ఫోన్‌కూ వస్తువుకూ మధ్య సమాచారం మాత్రమే. గీజరు కాగుతూనే ఉండొచ్చు, కూలరు తిరుగుతూనే ఉండొచ్చు. పొద్దున ఆరింటికి ఆన్ కావాలని టైమరు పెట్టి ఉంటే, చాలా పరికరాల్లో ఆ టైమరు లోపలి చిప్పులోనే ఉంటుంది. వైఫై లేకపోయినా తన వేళకు తాను ఆన్ అవుతుంది. అందుకే ఈ జాగ్రత్తలన్నిటికీ ఒకటే వరుస: ముందు కరెంటు సంగతి, తర్వాతే నెట్ సంగతి.

1. చెయ్యి పెట్టే ముందు

స్మార్ట్ ప్లగ్గు లోపల ఉండేది ఒక చిన్న రిలే. ఫోన్‌లో ఆఫ్ నొక్కితే అది రెండు తీగల్లో ఒక్కదాన్నే తెంపుతుంది. పాత ఇళ్లల్లో సాకెట్‌కు ఫేజు, న్యూట్రల్ తారుమారుగా బిగించి ఉండటం కొత్తేమీ కాదు. అలాంటి చోట రిలే న్యూట్రల్‌ను తెంపుతుంది, ఫేజు అలాగే మిగులుతుంది. యాప్‌లో ఆఫ్ అని ఉంటుంది, వస్తువు లోపల మాత్రం 230 వోల్టులు ఉంటాయి.

చేయవలసినవి:
• స్మార్ట్ ప్లగ్గును సాకెట్ నుంచి పూర్తిగా ఊడదీసిన తర్వాతే దానికి తగిలించిన వస్తువును ముట్టుకోండి.
• గోడలో బిగించిన స్మార్ట్ స్విచ్చయితే ఆ గదికి సంబంధించిన ఎంసీబీ (చిన్న బ్రేకరు స్విచ్చు) దించండి. ఏది ఏ గదిదో తెలియకపోతే మెయిన్ దించండి. ఈ పని ఒక్కసారి తీరికగా చేసి, ఎంసీబీల పక్కన ‘వంటగది, హాలు, మోటరు’ అని తెలుగులో రాసి అంటించండి.
• ఎంసీబీ దించాక టెస్టరుతో చూడండి. ఆ టెస్టరు పనిచేస్తుందో లేదో ముందు కరెంటున్న సాకెట్‌లో పెట్టి చూసుకోండి.
• చేతులు తుడుచుకుని, కాళ్లకు చెప్పులు వేసుకుని పొడి నేల మీద నిలబడండి.

చేయకూడనివి:
• ఫోన్‌లో ఆఫ్ నొక్కేశాం కదా అని బోర్డు విప్పొద్దు.
• ఒకరు బోర్డు దగ్గర, ఒకరు ఫోన్ పట్టుకుని “ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు” అంటూ పరీక్షలు పెట్టొద్దు.
• చిన్న పిల్లలకు, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు బోర్డు విప్పే పని ఫోన్‌లో చెప్పి చేయించొద్దు.

2. గీజరు, కూలరు, మోటరు: ముందు వీటి లెక్క చూడండి

నెట్ పోయిందని తెలియగానే వేడెక్కేవి, నీళ్లతో పని ఉన్నవి ఏ స్థితిలో ఉన్నాయో తెలుసుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు జనగామకు ఫోన్ చేసి “నాయినా, కెమెరా వస్తలేదు, రౌటరు చూడు” అనేకంటే ముందు అనవలసిన మాట వేరే ఉంది: “నాయినా, ముందుగాల గీజరు స్విచ్చు గోడ మీదనే బంద్ చెయ్యి.”

ఎండాకాలంలో ఇనుప కూలర్ల వల్ల మన దగ్గర షాకులు ఎక్కువ. సాధారణంగా జరిగే తీరు చూడండి. కూలరు స్మార్ట్ ప్లగ్గుకు తగిలించి ఉంటుంది. యాప్‌లో ఆఫ్‌లైన్ అని ఉంటుంది. ఫ్యాను తిరగడం లేదు కాబట్టి కరెంటు లేదనుకుని బకెట్టుతో నీళ్లు పోస్తారు. కింద తొట్టిలోని చిన్న పంపుకు తీగ పొర చిట్లి ఉంటుంది. సరిగ్గా అప్పుడే నెట్ తిరిగొచ్చి, ఊరి నుంచి ఎవరో ఆన్ నొక్కుతారు, లేదా పెట్టిన టైమరు వేళవుతుంది. తడి చెయ్యి ఇనుప డబ్బా మీద ఉంటుంది. దీన్ని ఆపడానికి యాప్ ఏదీ అక్కర్లేదు, ప్లగ్గు పీకి నీళ్లు పోస్తే చాలు.

లోడు లెక్క కూడా తెలిసి ఉండాలి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 3000 వాట్లదైతే 13 ఆంపియర్లు. ఆరు ఆంపియర్ల చిన్న ప్లగ్గుకు ఇవి తగిలిస్తే లోపలి రిలే కాంటాక్టులు కాలి అతుక్కుపోవచ్చు. అప్పుడు ఫోన్‌లో ఎన్నిసార్లు ఆఫ్ నొక్కినా గీజరు ఆగదు. ఒక హెచ్‌పీ మోటరు నడిచేటప్పుడు లాగేది తక్కువే అనిపించినా, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు ఎక్కువ లాగుతుంది. మామూలు ప్లగ్గులు పాడయ్యేది ఆ క్షణంలోనే.

చేయవలసినవి:
• గీజరు, ఏసీ లాంటి వాటికి 16 ఆంపియర్ల ఐఎస్‌ఐ ప్లగ్గు గానీ, కాంటాక్టరుతో కూడిన స్విచ్చు గానీ వాడండి.
• యాప్ సెట్టింగుల్లో ‘కరెంటు తిరిగి వచ్చాక ఏ స్థితిలో ఉండాలి’ అనే ఆప్షను వెతకండి. గీజరు, కూలరు, మోటరు, ఇస్త్రీపెట్టె విషయంలో దాన్ని ‘ఆఫ్’ అని పెట్టండి. చాలా ప్లగ్గులు ‘ఇంతకుముందు ఎలా ఉంటే అలా’ అనే పద్ధతిలో వస్తాయి. కరెంటు పోయిన వేళ గీజరు ఆన్‌లో ఉంటే, కరెంటు రాగానే ఇంట్లో ఎవరూ లేకపోయినా అదే మొదలవుతుంది.
• ఇంటికి, కరెంటు లీకైతే సరఫరా తెంపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. దాని మీది టెస్ట్ బటను అప్పుడప్పుడు నొక్కి పడుతుందో లేదో చూడండి.

చేయకూడనివి:
• బకెట్లో పెట్టే హీటరు రాడ్డును స్మార్ట్ ప్లగ్గుకు ఎప్పుడూ తగిలించొద్దు. అది మనిషి దగ్గరుండి వాడవలసిన వస్తువు.
• ఇస్త్రీపెట్టె, కరెంటు పొయ్యి దూరం నుంచి ఆన్ చేయొద్దు.
• ప్లగ్గు వేడెక్కినా, గోధుమరంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా వైఫై గురించి ఆలోచించొద్దు. ఆ ప్లగ్గు పని అయిపోయింది, తీసేయండి.

3. బాయి దగ్గర స్టార్టరు

జనగామ మెట్ట నేలల్లో వ్యవసాయం బోర్ల మీద ఆధారపడ్డది. మహబూబాబాద్ మిర్చికీ బోరు నీళ్లే దిక్కు అయిన చేలు చాలా ఉన్నాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, రాత్రిపూట చేనుకు పోకుండా ఇంటి నుంచే మోటరు వేసే సిమ్ స్టార్టర్లు, వైఫై పెట్టెలు రైతులకు దగ్గరయ్యాయి. ఇంట్లో ప్లగ్గు కంటే ఇవి ఎక్కువ ప్రమాదం. ఇక్కడ ఉండేది త్రీఫేజు కరెంటు, తడి నేల, ఒంటరి మనిషి.

మోటరు ఫోన్‌కు పలకడం లేదని రైతు బాయి దగ్గరికి పోతాడు. పెట్టె విప్పి తీగలు కదిలిస్తాడు. ఇంట్లో కొడుకు ‘సిగ్నల్ వచ్చిందేమో’ అని మళ్లీ నొక్కుతాడు. ఆ నొక్కు ఈసారి అందుతుంది.

చేయవలసినవి:
• బయలుదేరే ముందు ఇంట్లో ఆ యాప్ ఉన్న వాళ్లందరికీ చెప్పండి: నేను ఫోన్ చేసేదాకా ఎవరూ నొక్కొద్దు అని.
• స్టార్టరు దగ్గర మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకోండి. మెయిన్ స్విచ్చు ఉంటే దించి, తాళం వేయండి. ఫ్యూజులు మీ జేబులో ఉంటే ఏ ఫోనూ మోటరు వేయలేదు.
• సిగ్నల్ లేకపోతే ముందు సిమ్ రీచార్జి, పెట్టె మీది యాంటెన్నా బిగువు చూడండి. వీటికి పెట్టె విప్పే పని లేదు.
• స్టార్టరు పెట్టెకు, మోటరుకు ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

చేయకూడనివి:
• చేతితో నడిపే స్టార్టరు బటన్లను తీసేసి పూర్తిగా ఫోన్ మీదే వదిలేయొద్దు. నెట్ లేకపోయినా మోటరు ఆపే ఎర్ర బటను అందుబాటులో ఉండాలి.
• ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు మీరే వేయొద్దు. అది లైన్‌మన్ పని, ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని చేసే పని.
• తడి బట్టలతో, వాన పడుతుండగా పెట్టె ముట్టుకోవద్దు.

4. లోపం ఎక్కడుందో వరుసగా చూడండి

ప్రమాదం లేదని తేలాక ఇక నెట్ వంతు. ఇక్కడ తొందరపడి రీసెట్ నొక్కేవాళ్లే ఎక్కువ. అన్నిటికంటే చివర చేయవలసినది అది. తేలిక పని నుంచి కష్టం పనికి పోతే చాలాసార్లు రెండో మెట్టులోనే సంగతి తేలుతుంది.

చేయవలసినవి:
• అన్నీ పోయాయా, ఒక్కటేనా? అన్నీ పోతే తప్పు రౌటరుదో, లైనుదో. ఒక్కటే పోతే ఆ వస్తువుదో, అది ఉన్న చోటుదో. యాప్ ఒక్కటే మొరాయిస్తూ మిగతా ఫోన్‌లో యూట్యూబ్ నడుస్తుంటే కంపెనీ సర్వరుదీ కావచ్చు, కాసేపు ఆగి చూడండి.
• ఫైబరు డబ్బా మీది లైట్లు చూడండి. పవర్ ఆకుపచ్చగా ఉండి, ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైటు వెలిగితే బయటి నుంచి వెలుతురు రావడం లేదని, అంటే కేబులు తెగిందనో వంగిందనో అర్థం. ఇంట్లో మీరు ఏం చేసినా అది బాగవదు. ఫిర్యాదు చేయండి.
• డబ్బా ఆపి ముప్పై సెకన్లు ఆగి మళ్లీ వేయండి. రెండు మూడు నిమిషాల దాకా కదిలించొద్దు. తర్వాత స్మార్ట్ వస్తువును కూడా ఒకసారి ఆపి వేయండి.
• మీ వస్తువు 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేసేదేమో చూడండి. ఎక్కువ స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు, చవక కెమెరాలు దాని మీదే నడుస్తాయి. కొత్త రౌటర్లు 2.4నూ, 5నూ ఒకే పేరు కింద కలిపేస్తాయి. మళ్లీ జతచేసేటప్పుడు తికమక పడితే, రౌటరు సెట్టింగుల్లో రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. భద్రత దగ్గర డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత వస్తువులు అందుకోలేవు, డబ్ల్యూపీఏ2 కూడా ఉండే మిశ్రమ పద్ధతి పెట్టండి.
• రౌటరు కొత్తది తెచ్చినా, నెట్ కంపెనీ మార్చినా, కొత్త రౌటరుకు పాత పేరూ పాత పాస్‌వర్డూ అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. అప్పుడు చాలా వస్తువులు వాటంతటవే వచ్చి కలుస్తాయి. పాత పాస్‌వర్డు బలహీనమైనదైతే మాత్రం ఈ ఉపాయం వద్దు. కొత్తది పెట్టి ఒక్కొక్కటీ జతచేయండి.
• ఒక వస్తువు మీద అనుమానం ఉంటే ఇంకో ఫోన్‌లో 2.4 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ వేసి దానికి కలిపి చూడండి. కలిస్తే వస్తువు మంచిదే, రౌటరు సంగతి చూడాలి.

చేయకూడనివి:
• ఫైబరు డబ్బా వెనుక సన్నటి రంధ్రంలో పిన్నీసు పెట్టి రీసెట్ నొక్కొద్దు. కంపెనీ వాళ్లు అందులో వేసిన యూజరు ఐడీ, సెట్టింగులు చెరిగిపోతాయి. అప్పటిదాకా వైఫై ఒక్కటే పోయిన ఇంట్లో నెట్ మొత్తం పోతుంది. మనిషి వచ్చి సరిచేసేదాకా అంతే.
• రౌటరును స్టీలు బీరువా వెనక, టీవీ వెనక, మైక్రోవేవ్ ఓవెన్ పక్కన పెట్టొద్దు. ఓవెన్ పనిచేసేదీ దాదాపు అదే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కాబట్టి, అది తిరిగినంతసేపు సిగ్నల్ తడబడుతుంది. రెండు అంతస్తుల ఇంట్లో స్లాబు, అందులోని ఇనుప చువ్వలు సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి. మెట్ల దగ్గర, ఛాతీ ఎత్తులో పెడితే మేలు.
• ఇంటి నిండా స్మార్ట్ వస్తువులు పెరిగాక చిన్న డబ్బా మోయలేదు. కొన్ని డబ్బాలు కొద్ది వస్తువులనే ఒకేసారి పట్టుకుంటాయి. కొత్త బల్బు పెట్టగానే పాత కెమెరా రాలిపోతుంటే కెమెరాను తిట్టొద్దు, రౌటరు స్థాయి పెంచండి.

5. అడాప్టరు, మినీ యూపీఎస్

లైట్లన్నీ వెలుగుతుంటాయి, వైఫై మాత్రం పది నిమిషాలకోసారి పోతుంటుంది. ఇలాంటప్పుడు రౌటరు కంటే ముందు అడాప్టరును అనుమానించాలి. ఏళ్ల తరబడి వేడెక్కిన అడాప్టరులో కెపాసిటరు బలహీనపడుతుంది. లైట్లు వెలిగించేంత కరెంటు ఇస్తుంది గానీ, రౌటరు గట్టిగా పనిచేసేటప్పుడు వోల్టేజి జారిపోతుంది.

చేయవలసినవి:
• రౌటరు కింద ఉన్న చీటీ చదవండి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతో, అంతకంటే ఎక్కువో ఉండొచ్చు. పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్న గుర్తు కూడా కలవాలి.
• మినీ యూపీఎస్ గాలి ఆడే చోట, గోడ మీద గానీ రాతి బండ మీద గానీ పెట్టండి.

చేయకూడనివి:
• పిన్ను పట్టింది కదా అని సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, బొమ్మ అడాప్టరు పెట్టొద్దు.
• ఉబ్బిన మినీ యూపీఎస్‌ను చార్జింగులో ఉంచొద్దు, పొడిచి చూడొద్దు. దాని లోపల ఉండేది లిథియం బ్యాటరీ. పరుపు మీద, కర్టెను వెనక, బట్టల బీరువాలో అసలే వద్దు.

6. బయట కేబులు తెగితే

భారత్‌నెట్ అయినా, ప్రైవేటు కంపెనీ అయినా, ఊరి కేబులు ఆపరేటరు అయినా ఇంటిదాకా లైను ఎక్కువగా వచ్చేది కరెంటు స్తంభాల మీదుగానే. హైదరాబాద్ రామంతాపూర్‌లో 2025 ఆగస్టులో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ శాఖ స్తంభాల మీది కేబుళ్లను పెద్దయెత్తున తొలగించింది. ఎన్నో కాలనీల్లో నెట్ ఆగింది. నెట్ కేబుల్లో కరెంటు ఉండదన్న నమ్మకం ఎంత ప్రమాదమో ఆ రోజుల్లో అందరికీ తెలిసింది. ఫైబరు గాజే, దానిలో కరెంటు పారదు. కానీ దాన్ని మోయడానికి పక్కన ఇనుప తీగ ఉంటుంది. అది పైన 11 కేవీ లైనుకు తగిలితే కింద మీ గేటు దాకా కరెంటు వస్తుంది.

చేయవలసినవి:
• వేలాడుతున్న, కింద పడ్డ ఏ తీగనైనా కరెంటు ఉన్నదిగానే చూడండి. దూరంగా ఉండి, పిల్లలను, పశువులను దూరం పెట్టి 1912కు ఫోన్ చేయండి. మన మూడు జిల్లాలూ హనుమకొండ కేంద్రంగా పనిచేసే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ కిందికే వస్తాయి.
• ఇంట్లోకి వచ్చే ఫైబరును గుండ్రంగా, వెడల్పు చుట్టగా చుట్టి పెట్టండి.
• తెగిన ఫైబరు ముక్కలను టేపుతో అంటించి తీసి, మూత ఉన్న డబ్బాలో వేసి పారేయండి. లోపలి గాజుపోగు 125 మైక్రాన్ల మందం. చర్మంలో దిగితే కంటికి కనబడదు, కంట్లో పడితే ఆసుపత్రికే పోవాలి.

చేయకూడనివి:
• స్తంభం ఎక్కొద్దు, కేబులు గుంజొద్దు. కోతులు తెంపిన ముక్కను కర్రతో పైకి వేయొద్దు.
• డబ్బా నుంచి ఊడిన ఫైబరు కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. అందులో వచ్చేది లేజరు. ఆ వెలుతురు కంటికి కనబడనిది కాబట్టి ‘ఏమీ రావట్లేదు’ అనిపిస్తుంది.
• అల్యూమినియం నిచ్చెన వేసుకుని కెమెరా సరిచేయొద్దు, ముఖ్యంగా ఇంటి పక్క నుంచి లైను పోతుంటే. యాంటెన్నా కోసం, కెమెరా కోసం ఇనుప పైపులు పైకి ఎత్తొద్దు.

7. స్విచ్చు బోర్డులో న్యూట్రల్ లేనప్పుడు

కొన్నిచోట్ల వైఫై స్విచ్చు రోజుకోసారి పోయి రావడానికి కారణం వైఫైలో ఉండదు, బిగించిన తీరులో ఉంటుంది. స్మార్ట్ స్విచ్చు లోపలి చిప్పుకు ఎప్పుడూ కొంచెం కరెంటు కావాలి. అందుకు న్యూట్రల్ తీగ కావాలి. పాత ఇళ్లల్లో స్విచ్చు బోర్డులోకి ఫేజు మాత్రమే వస్తుంది. అప్పుడు కొందరు పని తెలియక ఎర్తు తీగను న్యూట్రల్‌గా కలుపుతారు. బల్బు వెలుగుతుంది, ఫోన్‌లో కనబడుతుంది, యజమాని సంతోషిస్తాడు. ఎండాకాలం వచ్చి ఎర్తు గుంత ఎండిపోగానే, లేదా ఆ తీగ ఎక్కడో లూజు కాగానే, అదే ఎర్తుకు కలిసిన ఫ్రిజ్జు, కూలరు, మోటరు బాడీకి కరెంటు వస్తుంది.

చేయవలసినవి:
• బిగించే ముందే “న్యూట్రల్ ఉందా?” అని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. లేకపోతే కొత్త తీగ లాగించండి, లేదా న్యూట్రల్ అక్కర్లేని రకం తీసుకోండి.
• ఎర్తు గుంతలో ఎండాకాలం నీళ్లు పోయించండి.

చేయకూడనివి:
• ఎర్తును ఏ కారణానికీ న్యూట్రల్‌గా వాడనివ్వొద్దు. “ఏం కాదన్నా” అన్న మాట నమ్మి ఊరుకోవద్దు.

8. ఉరుములు, వరదలు

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు గాలివానకు ముందే కరెంటు ఆటుపోట్లు మొదలవుతాయి. ఫైబరు ద్వారా పిడుగు రాకపోయినా, అడాప్టరు ద్వారా, ల్యాన్ కేబులు ద్వారా, రాగి కేబులు ద్వారా వస్తుంది.

వరద సంగతి ఈ జిల్లాలకు వేరే చెప్పనక్కర్లేదు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచెత్తింది. జనం మేడలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు ఉగ్రరూపం చూశాం, కేసముద్రం దగ్గర రైలుకట్టే కొట్టుకుపోయింది. అలాంటి రాత్రి దూరాన ఉన్నవాళ్లు కెమెరా రావడం లేదని కంగారు పడటం సహజం. కానీ రౌటరు సరిచేయమని ఇంట్లో వాళ్లను తొందరపెట్టే సమయం అది కాదు.

చేయవలసినవి:
• మబ్బు పట్టగానే, ఉరుము వినబడక ముందే రౌటరు, టీవీ ప్లగ్గులు పీకండి. పుణెలోని ఐఐటీఎం రూపొందించిన దామిని యాప్ మీ చుట్టుపక్కల పిడుగుల సమాచారం చెబుతుంది.
• నీళ్లు ఇంట్లోకి వచ్చే సూచన ఉంటే, నేల పొడిగా ఉండగానే మెయిన్ దించి బయటపడండి.
• నీళ్లు దిగాక సాకెట్లు, బోర్డులు విప్పి ఆరబెట్టించి, ఎలక్ట్రీషియన్ చూసి సరేనన్నాకే మెయిన్ ఎత్తండి.

చేయకూడనివి:
• నీళ్లలో నిలబడి మెయిన్ ముట్టుకోవద్దు. అప్పటికే నీళ్లు వచ్చి ఉంటే 1912కు చెప్పి లైనే ఆపించండి.
• మునిగిన ప్లగ్గు, రౌటరు, యూపీఎస్ ఎండలో పెట్టి మళ్లీ వాడొద్దు. పైకి ఆరినా లోపల బురద మిగులుతుంది.
• ఇంట్లో మనుషులు క్షేమమా కాదా అన్నది కెమెరాతో తేల్చొద్దు. పక్కింటి వాళ్ల నంబరు ఒకటి దగ్గర పెట్టుకోండి.

9. తాళం, కెమెరా, పాస్‌వర్డు

చేయవలసినవి:
• స్మార్ట్ తాళానికి ఇచ్చిన ఇనుప తాళంచెవిని ఇంటి లోపల పెట్టి తలుపు వేయకండి. నమ్మకమైన వాళ్ల దగ్గర ఒకటి ఉంచండి. తాళం కింద అత్యవసర కరెంటు ఇచ్చే చోటు ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.
• కెమెరాలో మెమరీ కార్డు వేయండి. నెట్ లేనప్పుడు కూడా అందులో రికార్డవుతుంది.
• కొన్న రోజే కెమెరాకు, రౌటరుకు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చండి. 2016లో మిరాయి అనే వైరస్ ఇలా మార్చకుండా వదిలేసిన అరవైకి పైగా పాస్‌వర్డ్ జతలనే వాడి ప్రపంచమంతటా కెమెరాలను, రౌటర్లను పట్టుకుంది. అలా పట్టుకున్న వాటితో చేసిన దాడి వల్ల ఆ ఏడాది అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి ఆగిపోయాయి.
• స్మార్ట్ వస్తువులకు రౌటరులో వేరే గెస్టు నెట్‌వర్కు పెట్టండి.

చేయకూడనివి:
• నెట్ కలవడం లేదని పాస్‌వర్డు తీసేసి వైఫైని తెరిచి పెట్టొద్దు.
• పడకగదిలో, స్నానాల గది వైపు కెమెరా పెట్టొద్దు. పక్కింటి వాకిలి వైపు తిప్పొద్దు.
• పెద్దవాళ్లు ఒక్కరే ఉండే ఇంట్లో లోపలి నుంచి తెరవడానికి కూడా ఫోన్ కావలసిన తాళం పెట్టొద్దు.
• పాత వస్తువు అమ్మేటప్పుడు మీ ఖాతా అందులో వదిలేయొద్దు.

10. ‘కస్టమర్ కేర్’ మోసాలు

నెట్ పోయిన కంగారులో గూగుల్‌లో దొరికిన మొదటి నంబరుకు ఫోన్ చేయడం మోసగాళ్లకు బాగా కలిసొచ్చే అలవాటు.

చేయవలసినవి:
• నంబరును బిల్లు మీద, డబ్బా అడుగున, కంపెనీ యాప్‌లో చూసే తీసుకోండి.
• ఇంటికి వచ్చిన మనిషి గుర్తింపు కార్డు చూసి, ఫిర్యాదు నంబరు అడిగి లోపలికి రానివ్వండి.
• డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మేలు.

చేయకూడనివి:
• ‘కెమెరా సరిచేస్తాం’ అంటూ ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి వేయమంటే వేయొద్దు. ఏపీకే ఫైలు పంపిస్తే తెరవొద్దు.
• ‘పది రూపాయలు రిజిస్ట్రేషన్’ అని వచ్చిన లింకు నొక్కొద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

11. షాక్ కొడితే

చేయవలసినవి:
• ముందు మెయిన్ దించండి. వీలుకాకపోతే పొడి కర్రతో, పొడి చెక్కతో మనిషిని తీగ నుంచి విడదీయండి. తెగిపడ్డ లైను తీగయితే ఇదీ చేయొద్దు, దూరంగా ఉండి లైను ఆపించండి.
• 108కి ఫోన్ చేయండి. శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు అదుముతూ ఉండండి.
• లేచి కూర్చున్నా ఆసుపత్రిలో చూపించండి. గుండె లయ ఆలస్యంగా తప్పే ప్రమాదం ఉంది.

చేయకూడనివి:
• కరెంటు ఆపకుండా మనిషిని ఒట్టి చేత్తో పట్టుకోవద్దు.
• మంట లేస్తే నీళ్లు చల్లొద్దు.

మీటరు పక్కన అంటించుకోవడానికి

1. యాప్‌లో కనబడకపోతే వస్తువు ఆన్‌లోనే ఉందనుకోండి. గోడ మీది స్విచ్చు దించండి.
2. కూలరులో నీళ్లు, బాయి దగ్గర పని: ప్లగ్గు పీకి, ఫ్యూజు జేబులో పెట్టి.
3. ఎర్ర లైటు వెలిగితే నెట్ వాళ్లకు ఫోన్. వెనుక రంధ్రం ముట్టొద్దు.
4. వేలాడే తీగ: 1912. అంబులెన్సు: 108. ఏ ఆపదకైనా: 112. సైబరు మోసం: 1930.